60 ఏళ్ల గిటార్: అసలుదేనా, ఎవరిది, చెక్క ఏ అడవిది?

న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ మ్యూజియం ఆఫ్ ఆర్ట్ 2025 మే నెలలో ఒక పెద్ద కానుక గురించి ప్రకటించింది. 1920 నుంచి 1970 మధ్య అమెరికాలో తయారైన 500కు పైగా గిటార్లను డర్క్ జిఫ్ అనే సంపన్న కలెక్టర్ మ్యూజియానికి ఇచ్చారు. వాటి కోసం ఒక శాశ్వత గ్యాలరీని కూడా ఏర్పాటు చేస్తామని మ్యూజియం చెప్పింది.

కొద్ది నెలలకే ఆ కానుకలోని ఒక గిటార్‌పై పేచీ మొదలైంది. అది 1959లో గిబ్సన్ కంపెనీ తయారుచేసిన లెస్ పాల్. 1960లలో రోలింగ్ స్టోన్స్ గిటారిస్టు కీత్ రిచర్డ్స్ చేతిలో కనిపించిన వాద్యం. ఆ గిటార్ మిక్ టేలర్‌దని, 1971లో ఫ్రాన్స్‌లో ‘ఎక్సైల్ ఆన్ మెయిన్ స్ట్రీట్’ ఆల్బమ్ పని జరుగుతున్నప్పుడు అక్కడి విల్లా నుంచి చోరీ అయిందని ఆయన తరఫువారు అంటున్నారు. టేలర్ కూడా ఒకప్పుడు అదే బృందంలో గిటారిస్టు. అయితే తమ దగ్గరున్న యాజమాన్య రికార్డుల్లో ఎక్కడా టేలర్ పేరు లేదని మ్యూజియం బదులిచ్చింది.

ఈ వివాదం ఎటు తేలినా, పాత అమెరికన్ గిటార్ల మార్కెట్ అసలు దేనికి వెల కడుతోందో అది బయటపెట్టింది. ఈ వాద్యాల ధర వాటి నాదాన్ని బట్టి కన్నా, వాటి వెనకున్న సాక్ష్యాన్ని బట్టి ఎక్కువగా నిర్ణయమవుతోంది. ఇది అసలుదేనా? ఇది అమ్ముతున్నవారిదేనా? ఇందులోని చెక్క చట్టానికి లోబడినదేనా? ఈ మూడు ప్రశ్నలకూ జవాబు ఉంటేనే ధర. మూడో ప్రశ్న భారతదేశపు అడవుల దాకా వస్తుంది.

అప్పుడు అమ్ముడుపోనివే ఇప్పుడు అపురూపం

గిబ్సన్ కంపెనీ 1952లో లెస్ పాల్ మోడల్‌ను బంగారు రంగుతో మొదలుపెట్టింది. అమ్మకాలు తగ్గడంతో 1958లో రంగు మార్చింది. అంచుల్లో చెర్రీ ఎరుపు, మధ్యలో పసుపు, కింద మేపుల్ చెక్క చారలు కనిపించేలా వేసిన ఆ రంగును ‘సన్‌బర్స్ట్’ అంటారు. అప్పటి ధర 250 డాలర్లకు అటూ ఇటూ. అయినా పెద్దగా అమ్ముడుపోలేదు. 1960తో ఆ రంగు, 1961లో ఆ ఆకారం కూడా ఆగిపోయాయి. ఆ మూడేళ్లలో తయారైనవి 1,400 నుంచి 1,700 మధ్య ఉంటాయని అంచనా.

1966లో జాన్ మాయల్ బృందం ఆల్బమ్‌లో ఎరిక్ క్లాప్టన్ అలాంటి గిటార్ వాయించాక కథ మారింది. కంపెనీ ఆపేసిన సరుకు కోసం వాయించేవాళ్లు వెతకడం మొదలుపెట్టారు. క్లాప్టన్ గిటార్ మాత్రం అదే ఏడాది చోరీకి గురైంది. ఇప్పటికీ బహిరంగంగా బయటికి రాలేదు. ఇవాళ మంచి స్థితిలో ఉన్న సన్‌బర్స్ట్ లక్షల డాలర్లు పలుకుతుంది.

మిగతా అపురూపాల కథా ఇంచుమించు ఇంతే. కొరీనా అనే చెక్కతో గిబ్సన్ 1958లో తెచ్చిన ఎక్స్‌ప్లోరర్ మోడల్‌ను చూసి దుకాణదారులు వెనకాడారు. ఆ రెండేళ్లలో కంపెనీ పంపినట్టు రికార్డుల్లో ఉన్నవి 22 మాత్రమే. దాంతోపాటు వచ్చిన ఫ్లయింగ్ వీ గిటార్లు 98. పెన్సిల్వేనియాలోని నజరెత్ పట్టణానికి చెందిన మార్టిన్ కంపెనీ 1933 నుంచి 1942 వరకు చేసిన డీ-45 గిటార్లు 91. మొదటిది గాయకుడు, నటుడు జీన్ ఆట్రీ కోసం చేసినది. ఇక ఫెండర్ కంపెనీని 1965లో సీబీఎస్ సంస్థ 1.3 కోట్ల డాలర్లకు కొన్నది. దానికి ముందు తయారైనవాటిని ‘ప్రీ-సీబీఎస్’ అని వేరుచేసి ఎక్కువ ధర చెబుతారు.

ఇక్కడ రెండు మార్కెట్లను కలగలపకూడదు. 2019లో డేవిడ్ గిల్మర్ నల్ల స్ట్రాటోకాస్టర్ వేలంలో దాదాపు 40 లక్షల డాలర్లకు పోయింది. 2020లో కర్ట్ కొబేన్ వాయించిన 1959 నాటి మార్టిన్ 60 లక్షల డాలర్లు దాటి అప్పటికి రికార్డు సృష్టించింది. అవి ఆ గిటార్‌ను పట్టుకున్న చేతికి కట్టిన వెలలు. పేరున్నవాళ్లెవరూ ముట్టుకోని గిటార్‌కు వెల కట్టేది వేరే లెక్కతో. అది ఎప్పుడు, ఎక్కడ తయారైంది, అందులో ఎంత భాగం మారకుండా మిగిలింది అన్నదే ఆ లెక్క.

నంబరు చెప్పేది సగమే

కొత్తగా కొనేవాళ్లు ముందుగా చూసేది సీరియల్ నంబరు. మార్టిన్ విషయంలో అది చాలావరకు నమ్మదగినదే. 1898లో 8000 దగ్గర మొదలుపెట్టి వరుసగా వేసుకుంటూ వచ్చారు. ఏ ఏడాది ఏ నంబరుతో ముగిసిందో కంపెనీయే ప్రచురించింది.

గిబ్సన్‌తో చిక్కు ఎక్కువ. 1953 నుంచి 1961 వరకు సాలిడ్‌బాడీ గిటార్ల తల వెనక సిరాతో నంబరు అచ్చువేసేవారు. అందులో మొదటి అంకె సంవత్సరాన్ని చెబుతుంది. 9తో మొదలైతే 1959 అన్నమాట. కానీ 1961 తర్వాత, ఆ దశాబ్దం చివరిదాకా ఒకే నంబరును వేర్వేరు ఏళ్లలో మళ్లీ మళ్లీ వాడారు. కాబట్టి 1960ల గిబ్సన్‌ను నంబరు ఒక్కటే చూసి కొనకూడదు.

ఫెండర్ విషయంలో నంబరు అసలు చెక్క మీద ఉండదు. మెడను ఒంటికి బిగించే నాలుగు స్క్రూల లోహపు పలక మీద ఉంటుంది. ఆ పలకలను ఫ్యాక్టరీలో వరుస పాటించకుండా చేతికి అందినవి అందినట్టు వాడేవారు. పైగా స్క్రూడ్రైవర్ ఉంటే ఎవరైనా పలక మార్చేయవచ్చు. అందుకే తెలిసినవాళ్లు మెడ విప్పి, దాని మడమ మీద పనివాళ్లు పెన్సిల్‌తో రాసిన తేదీ కోసం చూస్తారు. 1960ల మొదట్లో పెన్సిల్ పోయి రబ్బరు ముద్ర వచ్చింది. రోజ్‌వుడ్ ఫింగర్‌బోర్డు 1959 నుంచి 1962 మధ్య వరకు అడుగున చదునుగా, మందంగా ఉండేది. ఆ తర్వాత వంపు తిరిగిన పలుచటి పొరగా మారింది. పెన్సిల్ తేదీ 1960 అని ఉండి, ఫింగర్‌బోర్డు పలుచటి పొరగా ఉంటే రెండింట్లో ఒకటి అబద్ధం.

శబ్దం పెంచి తగ్గించే మరల మీద ఉండే అంకెలు మరో సాక్షి. 137 అంటే సీటీఎస్, 134 అంటే సెంట్రలాబ్, 304 అంటే స్టాక్‌పోల్ కంపెనీ. ఆ తర్వాతి అంకెలు సంవత్సరం, వారం. 1376532 అని ఉంటే సీటీఎస్ కంపెనీ 1965లో 32వ వారం చేసిన భాగం. ఇది చెప్పేది ఒక్కటే: గిటార్ ఆ తేదీకన్నా ముందు తయారు కాలేదు. ఎంత తర్వాత తయారైందో చెప్పదు. 1966లో ఫెండర్ ఈ మరలను పెద్ద మొత్తంలో కొని ఏళ్ల తరబడి వాడుకుంది. కాబట్టి 1966 అని కనిపించే గిటార్ 1969లో తయారైనదీ కావచ్చు.

పికప్‌ల కింద స్టిక్కర్ కథ మరీ విచిత్రం. గిబ్సన్ ఇంజినీరు సెత్ లవర్ రూపొందించిన హంబకర్ పికప్‌కు 1955లో పేటెంట్ కోసం దరఖాస్తు చేశారు. అందుకే దాని కింద ‘పేటెంట్‌కు దరఖాస్తు చేశాం’ అనే స్టిక్కర్ ఉండేది. కలెక్టర్లు దాన్ని ‘పీఏఎఫ్’ అంటారు. పేటెంట్ 1959లోనే వచ్చినా ఆ స్టిక్కర్ 1962 దాకా అంటిస్తూనే ఉన్నారు. తర్వాత మార్చిన స్టిక్కర్ మీద వేసింది అసలు ఆ పికప్ పేటెంట్ నంబరే కాదు, లెస్ పాల్‌కు గిటార్ టెయిల్‌పీస్ మీద వచ్చిన వేరే పేటెంట్ నంబరు. ఆ కాలపు పికప్ మీద నంబరు ‘సరిగ్గా’ ఉంటేనే అనుమానించాలి.

చివరికి మిగిలేది పై పూత, టంకం. పాత నైట్రోసెల్యులోజ్ పూత అతినీల కాంతి కింద ఒక రకంగా మెరుస్తుంది. కొత్తగా వేసిన చోట ఆ మెరుపు తేడాగా కనిపిస్తుంది. తీగల టంకం ఒక్కసారి కరిగించి మళ్లీ వేసినా తెలిసినవాళ్లు పట్టేస్తారు. గిటార్ అసలుదే అయినా మొత్తం రంగు మళ్లీ వేస్తే ధర దాదాపు సగానికి పడిపోతుందన్నది వ్యాపారుల వాడుక లెక్క.

పట్టుకునే పుస్తకమే నకిలీకీ పాఠం

ఈ వివరాలన్నీ ఒకప్పుడు కొద్దిమంది వ్యాపారుల దగ్గరే ఉండేవి. తండ్రి చనిపోయాక అటక మీది గిటార్‌ను కొన్ని వందల డాలర్లకు అమ్మేసే కుటుంబానికీ, దాన్ని కొనే వ్యాపారికీ మధ్య తేడా ఈ జ్ఞానమే. జార్జ్ గ్రూన్, వాల్టర్ కార్టర్ రాసిన ‘గ్రూన్స్ గైడ్ టు వింటేజ్ గిటార్స్’ వంటి పుస్తకాలు 1990ల నుంచి ఆ అంతరాన్ని తగ్గించాయి. అమ్మేవాళ్లకు తమ దగ్గరున్నదేమిటో తెలిసింది.

కానీ నకిలీ చేసేవాడు కూడా అవే పుస్తకాలు చదువుతాడు. ఏ ఏడాది ఏ స్క్రూ వాడారో తెలిస్తే ఆ స్క్రూనే వెతికి తెస్తాడు. ఒక పాత గిటార్‌ను విప్పి మరలు, పికప్‌లు, పలకలు విడివిడిగా అమ్మితే ఒక్కోసారి మొత్తం కన్నా ఎక్కువ వస్తుంది. అలా విడిపోయిన అసలు భాగాలు వేరే గిటార్లలోకి చేరతాయి. అప్పుడు ప్రతి భాగమూ నిజమే, మొత్తం మాత్రం అబద్ధం.

1950ల బంగారు రంగు లెస్ పాల్‌లను సన్‌బర్స్ట్‌లుగా మార్చే పని కూడా దశాబ్దాలుగా సాగుతోంది. మార్చామని చెప్పి అమ్మితే అది మరమ్మతు పనితనం. చెప్పకుండా అమ్మితే మోసం.

ఇక గిబ్సన్ మోడర్న్ సంగతి వేరు. ఎక్స్‌ప్లోరర్, ఫ్లయింగ్ వీలతో పాటు 1957లో దాని డిజైన్‌కూ పేటెంట్ దరఖాస్తు వెళ్లింది. 1950లలో చేసినదని రుజువైన మోడర్న్ ఇప్పటిదాకా ఒక్కటీ దొరకలేదు. ఉందని చెప్పినవాళ్లు మాత్రం ఉన్నారు.

చెక్క చారలే వేలిముద్రలు

రెండో ప్రశ్న యాజమాన్యానిది. 1960లలో గిటార్ ఒక పనిముట్టు. అవసరానికి తాకట్టు పెట్టేవారు, మార్చుకునేవారు, పర్యటనల్లో పోగొట్టుకునేవారు. రసీదు దాచుకోవాలని, నంబరు రాసుకోవాలని చాలామందికి తోచలేదు. ఇప్పుడు ఆ నిర్లక్ష్యమే లక్షల డాలర్ల తగాదా.

రసీదు లేకపోయినా చెక్క సాక్ష్యం చెప్పగలదని 2020లో ఒక సంఘటన చూపించింది. కెనడా సంగీతకారుడు ర్యాండీ బ్యాక్‌మన్ దగ్గరి 1957 నాటి గ్రెచ్ గిటార్ 1976లో టొరంటోలోని ఒక హోటల్ నుంచి పోయింది. 44 ఏళ్ల తర్వాత ఒక అభిమాని పాత వీడియోల్లో ఆ గిటార్ మీదున్న చిన్న ముడి మచ్చను గుర్తుపెట్టుకుని, ముఖాలను పోల్చే సాఫ్ట్‌వేర్ తరహా పద్ధతితో అదే మోడల్ గిటార్ల ఫొటోలను పోల్చుకుంటూ వెళ్లాడు. చివరికి టోక్యోలో ఒక జపాన్ సంగీతకారుడి వీడియోలో అది దొరికింది. 2022 జులై 1న టోక్యోలోని కెనడా రాయబార కార్యాలయంలో అది యజమానికి చేరింది. ఆయన బదులుగా అదే ఏడాది తయారైన అదే మోడల్ గిటార్ ఇచ్చారు. ఆ జపాన్ సంగీతకారుడు తెలియక కొన్నవాడే.

అన్ని తగాదాలూ ఇంత సామరస్యంగా ముగియవు. దొంగసొత్తును తెలియక కొన్నవారికి కూడా యాజమాన్య హక్కు రాదన్నది అమెరికాలో సాధారణ సూత్రం. న్యూయార్క్ రాష్ట్రంలో మరో విశేషం ఉంది. అసలు యజమాని వస్తువు అడిగి, దగ్గరున్నవారు ఇవ్వమన్న రోజు నుంచే గడువు లెక్క మొదలవుతుంది. అయితే యజమాని అకారణంగా ఏళ్ల తరబడి ఊరుకున్నాడని ఎదుటివారు వాదించే వీలూ ఉంది. ప్రపంచంలోని పెద్ద మ్యూజియంలలో ఒకటి, ఈ చట్టం ఉన్న నగరంలో, ఒకేసారి 500 పాత గిటార్లను స్వీకరించిందంటే 500 యాజమాన్య చరిత్రలను కూడా స్వీకరించినట్టే.

1969లో మారిన చెక్క

మూడో ప్రశ్న చెక్కది. మార్టిన్ కంపెనీ ఖరీదైన గిటార్ల వెనకా పక్కలా దశాబ్దాల పాటు బ్రెజిల్ రోజ్‌వుడ్ వాడింది. మొద్దుల ఎగుమతిపై బ్రెజిల్ ఆంక్షలు బిగించడంతో 1969 చివర్లో భారతీయ రోజ్‌వుడ్‌కు మారింది. తెలుగులో జిట్రేగి, ఇరుగుడు అని పిలిచే ఆ చెట్టు పడమటి కనుమలతో పాటు తూర్పు కనుమల్లోనూ పెరుగుతుంది.

కలెక్టర్లకు ఆ మార్పు ఒక గీత అయింది. 1969లో తయారైన బ్రెజిల్ చెక్క డీ-28కూ, మర్నాటి ఏడాది భారతీయ చెక్క డీ-28కూ ధరలో చాలా తేడా. మరి వినడానికి అంత తేడా ఉందా? 2018లో లాంకాస్టర్ విశ్వవిద్యాలయ పరిశోధకుల బృందం వెనక చెక్క తప్ప మిగతావన్నీ ఒకేలా ఉన్న ఆరు గిటార్లను చేయించింది. వాటిలో బ్రెజిల్, భారతీయ రోజ్‌వుడ్‌లు రెండూ ఉన్నాయి. చెక్క కంటికి కనిపించకుండా చేసి 52 మంది గిటారిస్టులతో వాయించి చూపమన్నారు. వారిచ్చిన మార్కులు దాదాపు ఒకేలా వచ్చాయి. కలెక్టరు డబ్బు పెడుతున్నది వినిపించే దానికి కాదన్న మాటకు ఇంతకన్నా సూటి ఆధారం అక్కర్లేదు.

అరుదైన వన్యజాతుల వ్యాపారాన్ని నియంత్రించే సైటిస్ ఒప్పందం 1992లో బ్రెజిల్ రోజ్‌వుడ్‌ను అత్యంత కఠినమైన మొదటి అనుబంధంలో చేర్చింది. అప్పటి నుంచి ఆ చెక్క ఉన్న పాత గిటార్ దేశం దాటాలంటే, అది నిషేధానికి ముందుదని చూపే పత్రం కావాలి. పర్యటించే సంగీతకారుల కోసం మూడేళ్లు చెల్లే ప్రత్యేక ధ్రువపత్రం ఉంది. కంటితో చూసి రెండు చెక్కలను వేరుచేయడం నిపుణులకూ కష్టమే. అందుకే అమెరికా వన్యప్రాణి విభాగం వారి ఆష్లాండ్ ఫోరెన్సిక్ ల్యాబ్ చెక్క పేడును రసాయన పరీక్షకు పెట్టి జాతిని గుర్తిస్తుంది. తొలినాళ్ల మార్టిన్‌లలో ఉన్న ఏనుగు దంతానికి 2016 నుంచి అమెరికాలో వేరే ఆంక్షలు ఉన్నాయి.

భారత్‌కు తగిలిన దెబ్బ

భారతీయ రోజ్‌వుడ్ సహా డాల్బెర్జియా ప్రజాతి మొత్తాన్ని సైటిస్ 2017 జనవరిలో రెండో అనుబంధంలోకి తెచ్చింది. చైనా ఫర్నిచర్ మార్కెట్ కోసం ఆఫ్రికా, ఆసియా అడవుల్లో జరుగుతున్న నరికివేతను ఆపడం దాని ఉద్దేశం. దెబ్బ మాత్రం గిటార్లకూ, మన హస్తకళాకారులకూ తగిలింది. తయారైన సంగీత వాద్యాలకు 2019 నవంబరులో మినహాయింపు దక్కింది. సీసం చెక్క వస్తువులు చేసేవారు మాత్రం 2022 దాకా వేచి ఉండాల్సి వచ్చింది. ఆ ఏడాది పనామా సమావేశంలో, ఒక్కో వస్తువు 10 కిలోల లోపు ఉంటే ఎన్ని వస్తువులనైనా ఒకే సరుకుగా పంపవచ్చన్న స్పష్టత వచ్చింది. ఏడాదికి సుమారు 1,000 కోట్ల రూపాయల ఎగుమతులు ఈ నిబంధన వల్ల 500-600 కోట్లకు పడిపోయాయని అప్పట్లో కేంద్రమే చెప్పింది. ఏ వాద్యకారుల సంఘానికి గొంతు ఉందో, ఏ చేతివృత్తికి లేదో ఆ మూడేళ్ల తేడా చెబుతుంది.

అంతకుముందు 2011లో గిబ్సన్ ఫ్యాక్టరీలపై అమెరికా అధికారులు దాడి చేసి భారత్ నుంచి వచ్చిన చెక్కను స్వాధీనం చేసుకున్నారు. రంపంతో కోసిన చెక్క ఎగుమతిని భారత చట్టం అనుమతించదన్నది వారి వాదన. 2012లో కంపెనీ 3 లక్షల డాలర్ల జరిమానాకు ఒప్పుకుంది. భారత్ చెక్క విషయంలో చట్టం ఏం చెబుతోందన్న దానిపై సందేహాలున్నాయని ఆ ఒప్పందంలోనే ప్రభుత్వం అంగీకరించింది.

ఇప్పుడు మన దేశంలోనూ నియమాలు గట్టిపడ్డాయి. 2022లో సవరించిన వన్యప్రాణి సంరక్షణ చట్టం సైటిస్ జాబితాలోని జీవజాతుల కోసం ప్రత్యేక షెడ్యూలు చేర్చింది. 2023 ఏప్రిల్ నుంచి అది అమల్లో ఉంది. అమెరికాలో ఏళ్ల తరబడి ఉండి, అక్కడ ముచ్చటపడి కొన్న 1960ల మార్టిన్‌తో హైదరాబాద్‌కో విజయవాడకో తిరిగి రావాలనుకునే తెలుగువారికి ఇది పనికొచ్చే సంగతి. అందులో బ్రెజిల్ చెక్క ఉంటే అటు పంపే దేశంలోనూ, ఇటు దిగే దేశంలోనూ పత్రాలు ముందే సరిచూసుకోవాలి. 1970 తర్వాతి భారతీయ చెక్క గిటార్‌కు ఆ బెడద చాలావరకు లేదు. కలెక్టర్లు తక్కువగా చూసే చెక్కే సరిహద్దు దగ్గర సుఖం.

మ్యూజియం ముందున్న పని

సాక్ష్యమే సరుకైన మార్కెట్లో లాభపడేది సాక్ష్యం సమకూర్చుకోగల స్తోమత ఉన్నవాళ్లు. వకీళ్లు, ల్యాబులు, నిపుణులు వారికి అందుబాటులో ఉంటారు. బతుకుతెరువు కోసం వాయించి, 50 ఏళ్ల కింద గిటార్ పోగొట్టుకున్నవాడి దగ్గర ఉండేది జ్ఞాపకం, మహా అయితే ఒక నలుపు తెలుపు ఫొటో.

వివాదంలో ఉన్న లెస్ పాల్ 1964లో ఎడ్ సలివన్ షోలో రిచర్డ్స్ చేతిలో కనిపించినదేనని మ్యూజియం చెబుతోంది. మేపుల్ చారలు పోల్చి ఆ సంగతి తేల్చవచ్చు. కానీ చారలు చెప్పేది అది ఏ గిటారో మాత్రమే. ఆ తర్వాతి ఏళ్లలో అది ఎవరి సొత్తో చెప్పవు. దానికి చేతులు మారిన ప్రతిసారీ ఎవరు, ఎవరికి, ఎప్పుడు ఇచ్చారన్న వరుస కావాలి. ఆ వరుస తమ దగ్గర ఉందని మ్యూజియం అంటోంది కాబట్టి, దాన్ని గ్యాలరీలో గిటార్ పక్కనే అందరూ చదివేలా పెట్టవచ్చు. మిగతా 500 గిటార్లకూ అదే చేయవచ్చు. వ్యక్తుల చేతుల్లో ఉన్నంతకాలం ఆ కాగితాలు ఎవరికీ కనిపించలేదు. ప్రజల మ్యూజియానికి చేరాక కూడా కనిపించకపోతే, ఈ గిటార్లు ఒక బీరువా నుంచి ఇంకో బీరువాకు మారినట్టే.